ఎనుబోతు నడిచిన శుక్రవారం

బహ్రెయిన్‌లో రైలు లేదు. ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ లేని రైల్లో నేను తొంభైలలో కొన్నేళ్ళు ఉద్యోగం చేశాను.

ఈ మాట అనగానే మా ఊళ్ళో సగంమంది "సింహాచలం మొదలెట్టాడ్రా" అని లేచిపోతారు. మిగతా సగం ఇంకాస్త దగ్గరికి జరుగుతారు. వాళ్ళకి కావలసింది నిజం కాదు, కాలక్షేపం. నేనూ ఇన్నాళ్ళూ ఎవరికి కావలసింది వాళ్ళకి ఇస్తూ వచ్చాను. కానీ ఈమధ్య ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. పాత డీజిల్ ఇంజన్లని బాగుచేసి, సెలవు రోజుల్లో జనాన్ని ఎక్కించుకుని తిప్పే ఒకచోట పనికి కుదిరారట. "బాబాయ్, ఆ పనిలో ఏం చూసుకోవాలి?" అని అడిగారు. నేను యాభై దాటగానే రిటైరైనవాణ్ణి, నా చెవులు అంతకుముందే రిటైరయ్యాయి. ఈ ప్రశ్న నన్నెవరైనా అడుగుతారని అనుకోలేదు. అందుకని ఈసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. జీతాలు, వీసాలు, ప్రమోషన్ల గోల రాయను. ఏ ఉద్యోగంలోనైనా అవి ఒకేలా విసిగిస్తాయి.

లేని రైలు

నేను విశాఖపట్నం రేవులో వ్యాగన్లు నెట్టే డీజిల్ ఇంజన్ల దగ్గర ఫిట్టర్‌గా పని నేర్చుకున్నాను. తర్వాత బహ్రెయిన్ వెళ్ళి తుబ్లీలో ఒక వర్క్‌షాపులో జనరేటర్లు బాగుచేసేవాణ్ణి. ఆ వర్క్‌షాపు యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. జనరేటర్లు, నీటి పంపులు అమ్మే వ్యాపారం ఆయనది. కుర్రతనంలో ఇంగ్లండులో చదువుకున్నాడు. అక్కడ పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా సెలవు రోజున చొక్కా చేతులు మడిచి, రిటైరైన ఇంజన్లకి నూనె రాసి, వాటితో జనాన్ని తిప్పడం చూశాడట. ఆ జబ్బు తగిలించుకుని వచ్చాడు.

బుదయ్యా రోడ్డు వైపు ఆయనకొక ఖర్జూర తోట ఉండేది. గేటు దగ్గర్నుంచి తోట చివర పాత బావి దాకా సన్నపట్టాలు వేయించాడు. ఇంగ్లండులో మూతపడ్డ ఒక రాళ్ళ క్వారీ నుంచి చిన్న డీజిల్ ఇంజను ఓడ మీద తెప్పించాడు. ఆకుపచ్చ రంగు, ఇత్తడి బిళ్ళలు, చూడముచ్చటగా ఉండేది. రెండోది సిత్రాలో పాత ఇనుము కొనేవాడి దగ్గర దొరికింది. ఒకప్పుడు సముద్రంలోకి గోడ కడుతున్నప్పుడు రాళ్ళు మోసి, ఆ పని అయిపోయాక రేకుల కింద పడి ఉంది. రెండూ ఒకే కంపెనీ బిడ్డలు, ఈ రెండోది ఒళ్ళు పెద్దది, లోపలి ఇంజను సామాను మాత్రం ఒకటే.

వాటికి పేర్లు పెట్టింది నేనే. ఆకుపచ్చదాని పేరు దొరబాబు. రెండోదాని పేరు ఎనుబోతు. దున్నపోతుని మా వైపు అలాగే అంటాం. నల్లగా, బలంగా, ఎంత కొట్టినా మాట్లాడకుండా ఉండేది.

నన్ను ఆ పనికి తీసుకునే ముందు అర్బాబ్ హిందీలో అడిగాడు. "రైలింజను పని నీకు తెలుసా, సింహా?"

"మా అమ్మ నన్ను ఇంజను షెడ్డులోనే కన్నది అర్బాబ్. మంత్రసాని రావడం ఆలస్యమైతే డ్రైవరు కూత వేసి పిలిచాడు" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. ఒక్క అక్షరం నమ్మలేదు, కానీ పని ఇచ్చాడు. మా ఇద్దరి మధ్య సంబంధం మొదట్నుంచీ అదే. నేను చెప్పాలి, ఆయన నమ్మకుండా నవ్వాలి. అక్కడ సెలవు శుక్రవారం, ఆ రోజు అతిథులు వస్తే నన్ను ముందుకి తోసేవాడు. "ఈ దొరబాబు హారన్ కొడితే తోటలో ఖర్జూరాలు వాటంతటవే రాలేవి, అందుకని ఆ హారన్ పీకేశాం" అని నేను చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వి రైలెక్కేవారు.

నాతోపాటు పనిచేసినవాడు దేవదానం. నిజామాబాద్ వైపు మనిషి, వెల్డింగులో చెయ్యి తిరిగినవాడు. శుక్రవారం పొద్దున్నే మనామాలో తెలుగు ప్రార్థనకి వెళ్ళి, ఆ ఇస్త్రీ చొక్కాతోనే తోటకి వచ్చి, దాని మీద కవరాల్ తొడుక్కునేవాడు. దొరబాబుని నడిపేది అతనే.

రంగు ముందు, నూనె తర్వాత

అర్బాబ్ మంచివాడు. మాకు ఆలస్యంగా అన్నం పెట్టలేదు, అమ్మనాన్నల్ని తిట్టలేదు. గల్ఫ్‌లో ఇది చిన్న విషయం కాదు. కానీ ఆయనకి ఇంజను అంటే కంటితో చూసేది. మాకు చెవితో వినేది. పాత ఇంజన్ల దగ్గర యజమానులు ఎక్కువమంది ఇలాగే ఉంటారు, ముందే తెలుసుకుని ఉండండి.

ఒకసారి ఎవరో పెద్దమనుషులు వస్తున్నారని రంగులవాళ్ళని పిలిపించాడు. వాళ్ళు శ్రద్ధగా దొరబాబుకి కొత్త రంగు వేశారు. ఎంత శ్రద్ధగా అంటే, ఇరుసుల పెట్టెల మీద నూనె పోసే కన్నాలు కూడా మూసుకుపోయేలా వేశారు. మర్నాడు బావి దాకా వెళ్ళేసరికి బేరింగు కాలి పొగ లేచింది. అతిథులు అదేదో పాత ఇంజను వాసన అనుకుని గట్టిగా పీల్చారు. అర్బాబ్ వచ్చి చూసి, "రంగు మాత్రం బాగా కుదిరింది" అన్నాడు.

మీరు వెళ్ళేచోట ఎవరైనా రంగు డబ్బాతో వస్తే, ముందు నూనె కన్నాల్లో గుడ్డ ముక్కలు కుక్కండి. అంతకంటే ముందు మీ బాసుకి ఆ కన్నాలెక్కడున్నాయో చూపించండి. మేం చూపించలేదు. చూపిస్తే చిన్నతనం అనుకుంటాడని ఊరుకున్నాం.

ఇంకొక మాట. ఈ పని అంటే నడపడం అనుకుంటారు. నడిపేది వారానికొక పూట. మిగతా అంతా తుడవడమే. బహ్రెయిన్‌లో గాలిలో ఉప్పు, ఆ ఉప్పు మీద ఇసుక. ఎండాకాలంలో ఇనుము ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. దేవదానం అనేవాడు, "అన్నా, దుబాయి పోతున్న అంటె మావోళ్ళు సంబురపడ్డరు. ఈడికొచ్చి బర్రెను కడుగుతున్న" అని.

దీన్ని తీసి దానికి పెట్టు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పాత ఇంజన్ల దగ్గర పనిచేసేవాళ్ళకి మాత్రమే వచ్చే రోగం ఒకటుంది. నడిచే ఇంజన్లో ఏదైనా పోతే, పక్కన ఆగి ఉన్న ఇంజన్లోంచి తీసి పెట్టడం.

మొదట తీసింది నూనె చూపించే గాజు గొట్టం. దొరబాబుది పగిలింది, ఎనుబోతుది బాగుంది. శుక్రవారానికి రైలు నడవాలి, ఇంగ్లండు నుంచి సామాన్ రావాలంటే నెలలు పడుతుంది. "తాత్కాలికంగా" అనుకున్నాం. ఆ మాట చాలా పాడుమాట. గాజు గొట్టం తర్వాత స్టార్టరు. తర్వాత ఒక చలికాలమంతా కలిపి ఇంజెక్టర్లు. చివరికి డీజిలు పంపు. ప్రతిసారీ కారణం సరైనదే. మనవాళ్ళకి అలవాటే కదా, పారేయడం చేతకాదు, ఒకదాంతో ఇంకొకటి బతికించడం చేతనవును. దాన్ని పనితనం అనుకుని గర్వపడతాం. కానీ తీసిన ప్రతిసారీ ఎనుబోతు బయటికి అలాగే కనబడేది. బానెట్ మూస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. అదే దాంట్లో ఉన్న మోసం.

తెలిసిన మనిషి ఒక్కడే, హాజీ మక్కీ.

మామీర్ గ్రామం ఆయనది. సముద్రంలో గోడ కట్టినప్పుడు ఎనుబోతుని నడిపిన డ్రైవరు. సిత్రా నుంచి లారీ మీద దాన్ని తెస్తుంటే రోడ్డు మీద చూసి, వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడట. అర్బాబ్‌కి ముచ్చటేసింది. పాత ఇంజను పక్కన పాత డ్రైవరు ఉంటే అతిథులకి బాగుంటుందని, శుక్రవారాలు రమ్మన్నాడు. నమాజు అయ్యాక వచ్చి ఎనుబోతు క్యాబ్‌లో కూర్చునేవాడు. అక్కడి రేవులో మనవాళ్ళతో పనిచేసి నేర్చుకున్న హిందీలో మాట్లాడేవాడు.

ఆయనకున్న కోరిక ఒకటే. ఎనుబోతు మళ్ళీ స్టార్టయితే, తన చేత్తో బావి దాకా నడిపి వెనక్కి తేవాలి.

డీజిలు పంపు విప్పుతున్న రోజు ఆయన క్యాబ్‌లోనే ఉన్నాడు. పానాల చప్పుడు విని తల బయటికి పెట్టాడు.

"ఈసారి ఏం తీస్తున్నావు, సింహా?"

"పంపు, హాజీ. మళ్ళీ పెట్టేస్తాం."

"కన్ను తీశారు, చెవి తీశారు, ఇప్పుడు గుండె. మళ్ళీ పెట్టేటప్పుడు వరస గుర్తుంటుందా, హబీబీ?"

"ఉంటాది హాజీ. వచ్చే చలికాలానికి నీ చేతికిస్తాం" అన్నాను.

"ఇన్‌షా అల్లా" అన్నాడు. ఆ మాట జరుగుతుందన్నప్పుడు ఒకలా, జరగదన్నప్పుడు ఒకలా పలుకుతారు. ఆయన ఎలా పలికాడో నాకు వినబడింది.

అర్బాబ్ పెట్టిన గడువు

ఆ చలికాలంలో అర్బాబ్ ఒకరోజు తుబ్లీ నుంచి నేరుగా షెడ్డుకి వచ్చాడు. ఇంగ్లండులో ఆయనతో చదువుకున్న స్నేహితులు, ఇక్కడి పెద్దమనుషులు కలిసి వచ్చే శుక్రవారం తోటకి వస్తున్నారు.

"రెండు ఇంజన్లూ నడవాలి. పోయేటప్పుడు నల్లది లాగాలి, ఆకుపచ్చది రైలు చివర ఊరికే ఉండాలి. వచ్చేటప్పుడు ఆకుపచ్చది లాగాలి. ఇంజను మార్చే పనుండదు, చూడ్డానికి బాగుంటుంది."

"అర్బాబ్, నల్లది ఇప్పుడప్పుడే..." అని దేవదానం గొణిగాడు.

"నడవకపోతే శనివారం సిత్రా నుంచి లారీ వస్తుంది. తూకానికి ఇచ్చేస్తాను. నడవనిదానికి షెడ్డులో చోటెందుకు? ఖలాస్."

హాజీ క్యాబ్‌లోంచి అంతా విన్నాడు. అర్బాబ్ కారు వెళ్ళిపోయాక దిగి, మా ఇద్దరి ఎదురుగా నిలబడ్డాడు. "నడుస్తుందా?" అన్నాడు.

నేను నోరు తెరిచాను గానీ కథ రాలేదు. దాని పంపు, ఇంజెక్టర్లు, స్టార్టరు అన్నీ దొరబాబులో ఉన్నాయి. ఒకటి నడవాలంటే ఇంకొకటి ఆగాలి. రెండూ నడవాలంటే ఇంకొక ఇంజనుకి సరిపడా సామాన్ కావాలి.

"నడవదు హాజీ" అన్నాను.

ఆయన ఎనుబోతు పక్కనే ఇసుకలో కూర్చున్నాడు. దేవదానమే మొదట నోరు విప్పాడు, అదీ వెటకారానికే.

"గిదేం పరేషాన్ అన్నా! దొరబాబు ఎట్లాగూ ఎన్కనే ఉంటడట గదా. ఎన్కకెల్లి మెల్లగ నూకితె ఎవనికి ఎర్క?"

నేను వాడివైపు చూశాను. వాడు నావైపు చూసి, "గట్ల చూడకు అన్నా, నాకు భయమైతది" అన్నాడు.

"సప్పుడుకేటి సేద్దారి? ముందున్నది మూగదైతే తెలిసిపోదేటి?" అన్నాను.

జవాబు కూడా నాకే తట్టింది. తుబ్లీలో చిన్న డీజిలు జనరేటరుంది. దాన్ని తెచ్చి ఎనుబోతు బానెట్ లోపల ఖాళీలో కూర్చోబెట్టి, సైలెన్సర్ పీకేసి, పొగ గొట్టాన్ని ఎనుబోతు పొగ గొట్టానికి కలిపితే చాలు. శబ్దమూ వస్తుంది, పొగా వస్తుంది. చక్రాల చైన్లు విప్పేస్తే ఎనుబోతు తోపుడుబండిలా దొర్లుతుంది.

హాజీకి హిందీలో చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అరచేత్తో ఎనుబోతు పక్క నిమిరి, అక్కడి ఇసుక దులిపాడు.

"క్యాబ్‌లో నేనే కూర్చుంటాను. ఇంకెవరూ కాదు. అది అబద్ధం ఆడాల్సి వస్తే నా చేతిలోనే ఆడాలి."

ఆ శుక్రవారం

అతిథులు రాకముందే నేను ఎనుబోతు ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టాను. దేవదానం చూసి, "చచ్చినదానికి దిష్టి ఏందన్నా" అన్నాడు. "సచ్చినోడికే ఎక్కువ తీత్తార్రా" అన్నాను.

హాజీ ఉతికిన నీలం కవరాల్‌లో వచ్చాడు. ఆ ఇంజన్లో పంపు లేదు, ఇంజెక్టర్లు లేవు, ఆ సంగతి ఆయనకి మాకంటే బాగా తెలుసు. అయినా రేడియేటరులో నీళ్ళు పోశాడు. నూనె పుల్ల తీసి చూసి, తుడిచి, మళ్ళీ చూశాడు. ఇరుసులకి నూనె వేశాడు. ఒక్క పని వదల్లేదు.

అతిథులతో రైలు పెట్టెలు నిండాయి. నేను క్యాబ్ మెట్టు మీద నిలబడి, బానెట్ కన్నంలోంచి బయటికి తీసిన జనరేటరు తాడు లాగాను. సైలెన్సర్ లేని జనరేటరు అరుపు మీరు వినుండరు. తోటలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. నల్లటి పొగ వచ్చింది. అర్బాబ్ ముందు పెట్టెలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన అమ్మే జనరేటరే అది. ఏళ్ళ తరబడి అదే చప్పుడు మధ్య కూర్చుని చాయ్ తాగినవాడు గుర్తుపట్టలేదు. ఎదురుగా రైలింజను ఉంటే చెవి కూడా రైలింజనునే వింటుంది.

హాజీ బ్రేకు వదిలాడు. నేను పచ్చ గుడ్డ ఊపాను. వెనక దేవదానం ఆ అరుపు చాటునే దొరబాబుని స్టార్ట్ చేసి, ఇత్తడి తుడుస్తున్నట్టు వంగుని కదిలించాడు. నిమ్మకాయ చితికింది.

ఇక్కడొక్క పని సంగతి చెప్పాలి. ఇంజను తనంతట తాను లాగితే ముందు కాళ్ళ కింద రేకు వణుకుతుంది, తర్వాత బండి కదులుతుంది. వెనక నుంచి నెడితే వణుకు ఉండదు, నడుం మీద దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ తగిలినప్పుడు హాజీ కళ్ళు మూసుకున్నాడు. ఒక్కసారే. తర్వాత తెరిచి, ముందుకి చూస్తూ నడిపాడు. అవును, నడిపాడు అనే రాస్తాను. మలుపు ముందు థ్రాటిల్ తగ్గించాడు, చెట్ల మధ్య కూత తాడు లాగాడు, బావి దగ్గరికి వచ్చేసరికి సరైన చోట బ్రేకు అందుకున్నాడు. ఆ బ్రేకు ఒక్కటే నిజమైనది. దాంతో రైలుని పాలగిన్నె దింపినంత మెత్తగా ఆపాడు.

"ఎలా ఉంది హాజీ?" అన్నాను.

"నేల వణకట్లేదు, సింహా" అన్నాడు. "అయినా పర్వాలేదు. రేపు లారీ రాదు."

వచ్చేటప్పుడు దొరబాబు మామూలుగా లాక్కొచ్చాడు. అర్బాబ్ హాజీని అందరి ముందూ కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రం మేం ముగ్గురం షెడ్డు వెనక కూర్చుని పరోటాలు తిన్నాం. నవ్వి నవ్వి నా పక్కటెముకలు నొప్పెట్టాయి. ఇంతకంటే బాగా కుదిరిన కథ నేను ఎప్పుడూ చెప్పలేదు అనుకున్నాను.

మరీ బాగా కుదిరిన పని

శనివారం లారీ రాలేదు. దాని బదులు క్రేన్ వచ్చింది.

అర్బాబ్ ఆనందంగా చెప్పాడు. "నల్లది ఒక్కటే రైలంతా లాగేసింది, చూశారుగా! ఇక రెండెందుకు? ఆకుపచ్చది అందంగా ఉంటుంది, గేటు దగ్గర సిమెంటు దిమ్మ దింపించి, దాన్ని పైన నిలబెడదాం. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తారు."

"అర్బాబ్, రెండుంటే మంచిది, ఒకటి ఆగినా..." అన్నాను.

"ఖలాస్, సింహా."

దొరబాబు గాలిలోకి లేచి దిమ్మ మీద కూర్చున్నాడు. బయటి కంపెనీవాళ్ళొచ్చి చక్రాలని పట్టాలకి వెల్డింగు చేశారు. పిల్లలు వేళ్ళు పెట్టకుండా బానెట్ కూడా చుట్టూ వెల్డింగు చేసి మూసేశారు. వెల్డింగు చేతిపనిగా బతికిన దేవదానం ఆ నిప్పురవ్వలు చూడలేక మొహం తిప్పుకున్నాడు. "అన్నా, బతికున్నోనికి సమాధి కట్టిండ్రు. సచ్చినోని డ్యూటీల పెట్టిండ్రు" అన్నాడు.

మాకు మిగిలిన దారి ఒకటే. దొరబాబులోకి వెళ్ళిన సామానంతా వెనక్కి తీసి ఎనుబోతుకి పెట్టడం. అదే అడిగాను. బానెట్ ఒక్కసారి కోసి తెరవనివ్వమన్నాను. అర్బాబ్ మొహం ఎర్రబడింది.

"నిలబెట్టిన ఇంజనులోంచి ఒక్క స్క్రూ కూడా తీయకూడదు. ఇంగ్లండులో అదే పద్ధతి. పాతదాన్ని కాపాడ్డమంటే అదీ!"

అక్షరాలా నిజం. మేం పాటించాల్సిన సూత్రం అదే. మాకు పనికొచ్చే రోజుల్లో ఆయనకి తెలియలేదు, ఆయనకి తెలిసేసరికి మా పీకకి చుట్టుకుంది.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పెట్టెల్లో ఆయన బంధువులు, పిల్లలు. "యల్లా, స్టార్ట్ చెయ్యి" అన్నాడు అర్బాబ్. జనరేటరు అప్పటికే తుబ్లీ నుంచి అద్దెకి ఎక్కడికో పోయింది. ఉన్నా ఏం లాభం, వెనక నెట్టేవాడు లేడు. నేను ముందుకి ఒక అడుగు వేశాను. హాజీ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగి, తానే అర్బాబ్ దగ్గరికి వెళ్ళాడు. అరబ్బీలోనే మాట్లాడాడు, కానీ అంతమాత్రం మాకూ అర్థమవుతుంది.

"పోయిన శుక్రవారం నూనె చూసుకోకుండా నడిపాను. లోపల కాలిపోయింది. ఇక నడవదు. ఈ ఇండియావాళ్ళకి తెలియదు, తప్పు నాది."

బంధువుల ముందు పరువు పోయిన మనిషి ఎలా అరుస్తాడో అర్బాబ్ అలా అరిచాడు. కాలిపోయినా సరే, పోయిన వారం తన రైలు మొత్తం లాగిన ఇంజనని చెప్పి ఎనుబోతుని షెడ్డులోనే ఉంచాడు. హాజీని మాత్రం మళ్ళీ గేటు లోపలికి అడుగుపెట్టొద్దన్నాడు. హాజీ తలపాగా సర్దుకుని, ఎనుబోతు వైపు చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నిజం చెప్పిన రోజు

మర్నాడు నేనూ దేవదానమూ తుబ్లీ ఆఫీసుకి వెళ్ళాం. పంపించేస్తే పంపించేస్తాడు, ఇంటికి పోతాం అని మాట్లాడుకునే వెళ్ళాం. మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. గాజు గొట్టం, పంపు, జనరేటరు, వెనక నుంచి నెట్టడం, ఏదీ దాచలేదు.

అర్బాబ్ కాసేపు నా మొహం చూశాడు. తర్వాత బల్ల మీద కొట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఇంజను లేకుండా రైలు! సింహా, నువ్వు చెప్పినవాటిలో ఇదే గొప్పది."

"కథ కాదు అర్బాబ్. నిజం. దేవదానాన్ని అడగండి."

"దేవుని మీద ఒట్టు అర్బాబ్, నేనే నూకిన" అన్నాడు దేవదానం.

"నువ్వూ నేర్చుకున్నావా వీడి దగ్గర? నా జనరేటరు చప్పుడు నాకు తెలియదా?" అని కళ్ళు తుడుచుకున్నాడు. "ముసలాడి కోసం ఎంత కష్టపడ్డార్రా. వచ్చే శుక్రవారం అతిథులకి ఇదే చెప్పు."

"బానెట్ తెరిచి చూడండి, లోపల పంపు లేదు" అన్నాను.

"కాలిపోయినదాన్ని మీరే విప్పి ఉంటారు. పోండి, పని చూసుకోండి."

రైలు ఆగిపోయింది. దిమ్మ మీద ఒకటి, షెడ్డులో ఒకటి. బాగున్నదాని బానెట్‌కి వెల్డింగు, బాగులేనిదానికి కథ. అయినా శుక్రవారాలు అతిథులు వచ్చేవారు, చాయ్ తాగేవారు. అర్బాబ్ నన్ను పిలిచి "ఇంజను లేని రైలు" చెప్పమనేవాడు. నేను ఒక్క ముక్క కల్పించకుండా చెప్పేవాణ్ణి. ఎవరో ఒకరైనా నమ్మి లేచి షెడ్డుకెళ్ళి చూడకపోతారా అని. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు.

అందుకే కుర్రాళ్ళూ, ఆగి ఉన్న ఇంజను దగ్గర్నుంచి ఏదీ తీయకండి. తీస్తే, అది ఇక నడవదని యజమానితో ఒప్పుకుని చెప్పడానికి నోరుండాలి. "నడవదు అర్బాబ్, సామాన్ దీంట్లోంచే తీశాం" అని మొదటి గాజు గొట్టం రోజునే అనుంటే ఆయన తిట్టి ఊరుకునేవాడు. పనితనంతో మాట తప్పించుకున్నాం. మా పనితనం బాగానే ఉంది. అదే బాధ.

మామీర్‌లో

కొన్ని వారాల తర్వాత మామీర్ వెళ్ళాను. హాజీ ఇంటి ముందు చాప మీద కూర్చుని వలకి ముడులు వేస్తున్నాడు. గిన్నెలో ఖర్జూరాలు, కాఫీ తెప్పించాడు. అర్బాబ్ నమ్మలేదని చెప్పాను. ప్రతి శుక్రవారం నాతో చెప్పిస్తున్నాడని, అందరూ నవ్వుతున్నారని కూడా చెప్పాను. అది చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆయన ముడి వేయడం ఆపలేదు. "ఎలా చెప్తున్నావు? నాకు చెప్పు" అన్నాడు.

చెప్పాను. ఉతికిన కవరాల్, రేడియేటరులో నీళ్ళు, తాడు లాగడం, పిట్టలు లేవడం. ఆయన తల ఊపుతూ విన్నాడు. "హాజీ మక్కీ కుడిచేత్తో బ్రేకు వదిలాడు" అనగానే చెయ్యెత్తి ఆపాడు.

"కాదు. ఎడమచెయ్యి. దాని బ్రేకు ఎడమవైపు ఉంటుంది. కుడిచెయ్యి థ్రాటిల్ మీదుండాలి, లేకపోతే వాలులో వెనక్కి జారుతుంది. నువ్వు పక్కనే ఉండి చూడలేదా?"

"మర్చిపోయాను హాజీ."

"నా పేరు పెట్టి చెప్తున్నావు కదా. డ్రైవరు పని తెలిసినవాడు ఎవడైనా అక్కడుంటే, మక్కీకి బ్రేకు ఎటుందో కూడా తెలియదనుకుంటాడు. సరిగ్గా చెప్పు."

ఆ తర్వాతి శుక్రవారం అతిథులకి ఎడమచేత్తో అని చెప్పాను. ఆ మాట దగ్గర కూడా నవ్వారు.